తువ్వాలు కింద ముప్పై మీటర్లు

నౌపడ ఉప్పు షావుకారు గణపతిరావు గారు బేరం ఆడని సంగతంటూ ఈ భూమ్మీద లేదు. ఇది పొగడ్త కాదు, తిట్టూ కాదు. పన్నెండేళ్ళుగా ఆయన కొట్టుకి ఎదురుగా జిరాక్సు, ఆన్‌లైన్ పనుల దుకాణం నడుపుకుంటున్నవాణ్ణి కాబట్టి, కళ్ళారా చూసింది చూసినట్టు రాస్తున్నాను. చదివేవారు నవ్వుకుంటే నవ్వుకోవచ్చు. నేను మాత్రం నవ్వుతూ రాయడం లేదు.

ఉప్పు అమ్మేవాడు బేరం ఆడితే వింతేముంది? ఈయన టెక్కలిలో డాక్టరు గారితో ఆడారు. "రోజుకి మూడు మాత్రలు వేసుకోండి" అన్నారు డాక్టరు గారు. "రెండు చేసుకోండి" అన్నారు ఈయన. "ఇది బేరం కాదండీ, మీకు షుగరు మూడొందలు దాటింది." "అయితే మీరు కాస్త దిగండి, నేను కాస్త ఎక్కుతాను" అంటూ గణపతిరావు గారు భుజం మీది తువ్వాలు తీసి డాక్టరు గారి చేతి మీద కప్పి, కింద నుంచి ఆయన వేళ్ళు పట్టుకున్నారు. నాడి చూడమంటున్నాడేమో అనుకుని డాక్టరు గారు పాపం గడియారం చూస్తూ కాసేపు లెక్కపెట్టారట. చివరికి రెండున్నర మాత్రలకి కుదిరింది. ఆ అర మాత్ర కొయ్యడానికి వాళ్ళింట్లో ప్రత్యేకంగా ఒక చిన్న చాకు ఉంది. నేను చూశాను.

వాళ్ళమ్మాయి పెళ్ళికి పురోహితుడు తెల్లవారుజామున మూడూ పదిహేడుకి ముహూర్తం పెట్టాడు. చుట్టాలకి నిద్ర చెడుతుందని ఈయన అయిదు గంటలకి అడిగారు. తిథి, నక్షత్రం, లగ్నం అంటూ పురోహితుడు ఏవో చెప్పబోయాడు. చెయ్యి తువ్వాలు కిందికి వెళ్ళింది. బయటికి వచ్చేసరికి ముహూర్తం నాలుగూ ముప్పై అయిదు అయింది. అల్లుడూ కూతురూ ఈ రోజుకీ చక్కగా కాపురం చేసుకుంటున్నారు కాబట్టి ఆ విషయంలో నేను వ్యాఖ్యానించను.

ఆ తువ్వాలు సంగతి తెలియనివారికి చెప్పాలి. పశువుల సంతల్లో దళారులు ఇలా బేరం ఆడతారు. గుడ్డ కింద చెయ్యీ చెయ్యీ కలుపుతారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, పిడికిలి మొత్తం పట్టుకుంటే అయిదు. చుట్టూ మూగినవాళ్ళకి అసలు బేరం తెలియకూడదు కాబట్టి నోటితో ఇంకేదో అరుస్తూ ఉంటారు. గణపతిరావు గారి తాతగారు సంతలు తిరిగి ఉప్పు, పగ్గాలు అమ్మేవారట. ఆ విద్య అక్కడ అబ్బి, మూడో తరం దాకా వచ్చింది. తాతగారు దాన్ని సంతలోనే వదిలి ఇంటికి వచ్చేవారని, మనవడికి ఆ విచక్షణ లేదని వాళ్ళావిడ అంటూంటారు.

ఆయన దగ్గర ఉప్పు కొనేది ఎక్కువగా సముద్రం ఒడ్డు పల్లెల ఆడవాళ్ళు. చేపలు ఉప్పులో ఊరబెట్టి, ఎండబెట్టి అమ్ముకునేవాళ్ళు. పొద్దున్నే వస్తారు. ధర ఊరందరికీ తెలిసిందే కాబట్టి పేచీ అంతా కొసరు దగ్గరే.

"బస్తాకి కొసరెంత సావుకారూ?"

"కొసరా? గింజ లేదు."

"అలగంతే ఎలగ? సేపలు కుళ్ళిపోతాయి గదా."

"కుళ్ళనీ. నా ఉప్పు నా దగ్గరుంటాది."

అప్పుడు తువ్వాలు దిగుతుంది. కింద ఏదో జరుగుతుంది. పైన మాత్రం ఈయన "చచ్చినా ఇవ్వను! ఇంకో కొట్టు చూసుకో! ఉప్పు ఊరికే పండుతోందేటి!" అని రోడ్డు చివరి దాకా వినబడేలా అరుస్తూంటారు. చెయ్యి బయటికి తీసుకున్న మనిషి కొంగుతో మొహం తుడుచుకుని, "నీ ఉప్పు నీ నెత్తి మీదే కరిగిపోను!" అని దీవించి, వెనక గోదాం వైపు వెళ్ళి బస్తా కుట్టించుకుని ఆటో ఎక్కుతుంది. ఇది రోజూ నా కొట్టు ముందు జరిగే సుప్రభాతం. నోటితోనే ఇంత పీనాసి అయితే గుడ్డ కింద ఇంకెంత పీనాసో అని ఊళ్ళో అందరం ఏకగ్రీవంగా అనుకున్నాం. నేనూ అనుకున్నాను. నా జిరాక్సులకి కూడా పది కాయితాలకి ఒకటి కొసరు లాక్కునే మనిషి గురించి ఇంకోలా అనుకోవడానికి నాకు కారణం కనబడలేదు.

కిందటేడు వానాకాలం వెళ్ళాక ఒక రోజు తవిటమ్మ నా కొట్టుకి వచ్చింది. ఆవిడది భావనపాడు వైపు పల్లె. యాభై దాటిన మనిషి. ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుంటే బస్సు కండక్టరు కూడా దారి ఇస్తాడు. ఉప్పు కొట్టు ముందు తిట్టేవాళ్ళందరిలోకీ ఆవిడ గొంతు పెద్దది. ఆ రోజు ఆ గొంతు లేదు.

"హరిబాబూ, ఈ ఫోన్ల కాయితం సూడు బాబూ. మా తమ్ముడు ఇల్లు కట్టుకోకూడదంట."

తమ్ముడంటే పైడిరాజు. తల్లి పోతే తవిటమ్మే పెంచింది. తాపీ పని నేర్చుకుని పదకొండేళ్ళ కిందట సముద్రం మీద ఎక్కడో ఉన్న ఒక దీవికి పనికి వెళ్ళాడు. దీవి పేరు రాయను. అక్కడ ఇళ్ళ పర్మిషన్లు చూసే ఆఫీసరమ్మకి మాట వస్తుంది. ఆ దీవిలో ఒడ్డు పొడవునా డబ్బున్నవాళ్ళ ఇళ్ళు. వాటికి గోడలు కట్టేది మనవాడు. అక్కడి జాలరుల పిల్ల రోసాని పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్లకి తండ్రి వదిలివెళ్ళిన చిన్న స్థలం ఉంది, సర్కారు లీజు మీద, సముద్రం ఒడ్డునే. అందులో చెక్కల ఇల్లు ఉండేది. గాలివాన దాన్ని ఎత్తుకుపోయింది. మళ్ళీ కట్టుకోవాలంటే ఇప్పుడు కొత్త రూళ్ళు వచ్చాయి.

"ఊరందరికీ ఒడ్డున ఇల్లు కట్టినాడు గదా బాబూ. ఆడికి ఆడు కట్టుకోడానికి రూలు నేదంటే ఏటిది?" అంది తవిటమ్మ.

నేను కాయితం పైకి చదివి చెప్పాను. పోటు వచ్చినప్పుడు నీళ్ళు తాకే గీత నుంచి ఇల్లు ముప్పై మీటర్ల దూరంలో ఉండాలి. వీళ్ళ స్థలం పొట్టిది. రోడ్డు దగ్గర వదలాల్సింది వదిలేశాక, ఇల్లు సముద్రానికి ఇరవై ఏడు మీటర్లలో పడుతోంది. మూడు మీటర్లు తక్కువ. ఇప్పటికి రెండుసార్లు విచారణ అయింది. ఇంకొకటే మిగిలింది. ఈ నెలాఖరులోగా పర్మిషను రాకపోతే లీజు రద్దయి స్థలం సర్కారుకి పోతుంది. రోసా, పైడిరాజు, వాళ్ళ మూడేళ్ళ పిల్ల అప్పటికే అయిదు నెలలుగా ఎవరిదో పడవల షెడ్డులో ఉంటున్నారు.

"మరి రెండుసార్లూ పైడిరాజు ఏం మాట్లాడాడు?"

"ఏటి మాటాడతాడు? ఆఫీసరుని సూస్తే ఆడికి నోరు పెగల్దు. 'ఇల్లు సముద్రానికి దగ్గిరగా ఉన్నాది గదా' అంతే 'యస్ మేడమ్' అన్నాడంట. 'రూలుకి యిరుద్దం గదా' అంతే దానికీ 'యస్ మేడమ్' అన్నాడంట. ఈపాలి ఇంటి పెద్దోలు మాటాడొచ్చు, ఫోన్ల కనపడితే సాలు అన్నారంట. ఆడికి పెద్ద నానే గదా."

"ముప్పై ఏటిరా?" అని వెనక నుంచి వినబడింది. అంకె వినబడితే గణపతిరావు గారు రోడ్డు దాటి వస్తారు. వచ్చేశారు.

నేను విషయం చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. "ముప్పై అన్నది మొదటి మాట. అక్కడ మొదలెట్టాడంటే వాడి మనసులో ఇరవై అయిదు ఉంటాది" అన్నారు.

"ఇది రూలండీ. ప్రభుత్వం అచ్చు వేసింది."

"అచ్చు వేసినవాడికి మాత్రం మనసు ఉండదేటిరా? ఆ పుస్తకం అంతా చదువు."

రూళ్ళ పుస్తకం నలభై ఆరు పేజీలు. కంప్యూటర్లో తెరిచి, ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. తవిటమ్మ స్టూలు మీద, ఆయన నా కుర్చీలో, నేను నిలబడి. ఒక పరాయి దేశపు సముద్రం ఒడ్డున ఇల్లు కట్టే చట్టం నౌపడ స్టేషను రోడ్డులో అంత శ్రద్ధగా పారాయణం కావడం అదే మొదలు అనుకుంటాను.

"ఇల్లు కొబ్బరి చెట్టు కంటే ఎత్తు ఉండకూడదు" అని చదివాను.

"ఏ చెట్టు? చెట్టు ఏటేటా పెరుగుతాది. దాంతో పాటు ఇల్లూ పెరగొచ్చా? రాసుకో, అడగాలి."

"ప్రహరీ గోడ కట్టకూడదు. మొక్కల కంచె మాత్రమే వెయ్యాలి."

"శుభం. ఇటుకల ఖర్చు తప్పింది. కానీ ఒప్పుకున్నట్టు కనబడకు. బాధగా మొహం పెట్టి ఒప్పుకోవాలి."

"ఇసక తవ్వి పునాది వెయ్యకూడదు. స్తంభాల మీద కట్టాలి."

"ఎన్ని స్తంభాలు?"

"పన్నెండు."

"పది."

"పైకప్పు కూలిపోతుందండీ."

"అయితే పన్నెండూ ఉంచు. దానికి బదులు ఇంకేదైనా అడుగుదాం."

"రాత్రిపూట సముద్రం వైపు దీపం వెలుతురు పడకూడదు. తాబేళ్ళు ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెలుతురు చూస్తే దారి తప్పుతాయి."

గణపతిరావు గారికి వినబడలేదేమో అనుకున్నాను. నేను మళ్ళీ చదివాను.

"వినబడిందిరా. ఒప్పీసుకో."

"బేరం లేదా?"

"తాబేలుతో బేరమేటిరా? మన ఒడ్డుకీ వస్తాయి. నెలలు నిండి వచ్చినదాన్ని వాకిట్లో నిలబెట్టి బేరం ఆడతామేటి? తర్వాతిది చదువు."

పన్నెండేళ్ళలో ఆయన ఒక మాట బేరం లేకుండా ఒప్పుకోవడం నేను అప్పుడే చూశాను. ఒంట్లో బాగుందా అని కూడా అడిగాను. షుగరు బాగానే ఉందన్నారు.

చివర్లో దారి సంగతి వచ్చింది. ఒడ్డున ఇల్లు కట్టుకునేవాళ్ళు స్థలం పక్కనుంచి ఊరివాళ్ళు సముద్రానికి నడిచి వెళ్ళేందుకు రెండు మీటర్ల దారి వదలాలి. తవిటమ్మ తెచ్చిన కాయితంలో అక్కడి జాలరుల అభ్యంతరం ఒకటి ఉంది, అదీ దీని మీదే. రోసా తండ్రి బతికినన్నాళ్ళూ వాళ్ళు ఆ స్థలం మధ్య నుంచే పడవలు మోసుకెళ్ళేవారట. కొత్త ఇల్లు వస్తే రెండు మీటర్ల సందులోంచి పడవ ఎలా పడుతుందని వాళ్ళ గోడు.

"ఆలు సెప్పింది నిజమే" అంది తవిటమ్మ. "అటు ముగ్గురు, ఇటు ముగ్గురు పట్టాల పడవని. రెండు మీటర్లల్ల మోసీవోలకి మోసేతులు గీరుకుపోతాయి."

"నోరు ముయ్యవే! అవతలివాళ్ళ తరఫున నువ్వు మాట్లాడతావేటి? రెండంటే రెండే. అంగుళం కూడా వదిలేది లేదు" అన్నారు గణపతిరావు గారు.

పీనాసితనం పరాయి దేశం వాళ్ళ మీద కూడా చూపించగల మనిషి అని నేను మనసులో అనుకున్నాను.

విచారణ నాడు మధ్యాహ్నం తవిటమ్మ తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని గంట ముందే వచ్చింది. సరిగ్గా పావుగంట ఉందనగా కరెంటు పోయింది. నా బ్యాటరీ నెల్లాళ్ళ కిందటే చచ్చిపోయింది. కొత్తది కొనడానికి షావుకారు గారిని బేరానికి తోడు తీసుకెళ్తే, ఆయన ఆడిన బేరానికి కొట్టువాడు మమ్మల్నిద్దర్నీ వెళ్ళిపొమ్మన్నాడు. కాబట్టి లాప్‌టాప్ పట్టుకుని ఎదురుగా ఉప్పు కొట్లోకే పరిగెత్తాం. అక్కడ ఇన్వర్టరు ఉంది. ఉప్పు బస్తా మీద లాప్‌టాప్ పెట్టాం.

తెర మీద ముగ్గురు కనబడ్డారు. మధ్యలో ఆఫీసరమ్మ, నలభై ఏళ్ళుంటాయి, ఎంతో నెమ్మదిగా ఉంది. ఒక పక్క లెక్కలు చూసే ఇంజినీరు. ఇంకో పక్క జాలరుల తరఫున ఒక ముసలాయన, తల మీద గడ్డి టోపీ. కింద చిన్న గడిలో పైడిరాజు, రోసా. మనవాడికి అప్పటికే చెమటలు పట్టాయి. వాడి ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది.

ఇంటి పెద్ద ఏం చెబుతారని ఆఫీసరమ్మ అడిగింది, నేను ఇటు తెలుగులో, అటు ఇంగ్లీషులో చెప్పాను. తవిటమ్మ చేతులు జోడించింది.

"అమ్మా, నానూ ఒడ్డునే పుట్టినాను. సముద్రం ఎంతదాకా వస్తాదో, ఎప్పుడు ఎల్తాదో నాకు తెలుసు. మా గుంటలు, మంచి పిల్లలు, తప్పు ఇల్లు కట్టరు. మూడు మీటర్లు ఒగ్గీ తల్లీ. నీకు దండం పెడతాను."

ఆఫీసరమ్మ కళ్ళు దించుకుంది. "మీ బాధ నాకు అర్థమైంది. కానీ వీళ్ళకి మూడు వదిలితే రేపు పెద్ద హోటలువాడు వచ్చి పది వదలమంటాడు. వాడికి నేనేం చెప్పను?" అంది.

అది న్యాయమైన మాటే. తెలుగులో అలాగే చెప్పాను. పైడిరాజు దానికీ "యస్ మేడమ్" అన్నాడు. తవిటమ్మ తెర వైపు చూస్తూ ఉండిపోయింది. ఇల్లు పోయింది అనుకున్నాను.

"ఒరే హరీ, ఆవిడకేం కావాలో అడుగు" అన్నారు గణపతిరావు గారు.

"ఆవిడ ఆఫీసరండీ. ఆవిడకేం కావాలి? లంచం అనుకుంటుంది!"

"లంచం కాదురా మొద్దూ. ఇది మూడో విచారణ. మీకేం కావాలని ఆవిణ్ణి ఒక్కడైనా అడిగాడా? మనకేం కావాలో మనమే చెప్పుకుంటూ కూర్చుంటే దాన్ని అడుక్కోవడం అంటారు. బేరం అనరు. అడుగు."

భయపడుతూ అడిగాను. ఊరికి ఈ స్థలం వల్ల కావలసింది ఏమైనా ఉందా మేడమ్ అని, కాస్త మెత్తగా మార్చి అడిగాను. ఆఫీసరమ్మ ఇంజినీరు వైపు చూసింది. ఆయన మేము చదివినది కాక, కమిటీ అధికారాల పుస్తకం ఇంకొకటి తీసి తిప్పాడు. ఊరికి నిజంగా ఉపయోగపడే పని ఏదైనా దరఖాస్తుదారు తనంతట తాను చేస్తే, దూరంలో పదోవంతు తగ్గించే అధికారం కమిటీకి ఉందట. ఇంతవరకూ ఆ రూలు ఎవరూ వాడుకోలేదట.

"ముప్పైలో పదోవంతు మూడు" అన్నారు గణపతిరావు గారు. నేను తెలుగులోకి మార్చేలోపే ఆయనకి అర్థమైంది. భుజం మీది తువ్వాలు చేతిలోకి వచ్చింది.

ముందు అది తవిటమ్మ చేతి మీద పడింది. ఆవిడ అడక్కుండానే చెయ్యి లోపలికి పెట్టింది, ఎంతో అలవాటున్నట్టు. గుడ్డ రెండుసార్లు కదిలింది. ఆవిడ తల ఊపింది. ఆ తర్వాత ఆయన తువ్వాలు తీసి లాప్‌టాప్ మీద కప్పేసి, తన తల, చెయ్యి లోపలికి దూర్చి, "నువ్వూ రా, ఆవిడకి చెప్పాలి" అన్నారు.

నేనూ దూరాను. ఆ తువ్వాలు కిందికి వెళ్ళడం నాకు అదే మొదటిసారి. ఉప్పు వాసన. తెర వెలుతురులో ఎదురుగా మూడు కంగారు మొహాలు. "అక్కడ ఏమైంది? కరెంటు పోయిందా?" అంది ఆఫీసరమ్మ. మా వైపు పెద్ద బేరాలు ఇలాగే గుడ్డ కింద ఆడతారని, ఇది గౌరవమే తప్ప అమర్యాద కాదని మనవి చేసుకున్నాను. ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. పక్కవాళ్ళిద్దరూ కూడా జరుపుకున్నారు.

"దారి రెండు మీటర్లు! రూలులో ఉన్నది రెండు! రెండే ఇస్తాం! అంగుళం ఎక్కువ అడిగితే లేచిపోతాం!" అని గణపతిరావు గారు నా చెవి పక్కనే అరిచారు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి ఉంటారు.

నేను తు.చ. తప్పకుండా ఇంగ్లీషులో చెప్పాను. రెండు మీటర్లే, అంగుళం ఎక్కువ లేదు.

ఆఫీసరమ్మ కలం పట్టుకుని అలాగే ఆగిపోయింది. "మీరు రెండు అంటున్నారు. కానీ ఆయన నాలుగు చూపిస్తున్నారు. నేను ఏది రాసుకోవాలి?"

అప్పుడు చూశాను. కెమెరా ముందు నాలుగు వేళ్ళు. ముడతలు పడి, ఉప్పుకి చర్మం లేచిపోయిన నాలుగు వేళ్ళు. బొటనవేలు మాత్రం లోపలికి మడిచి ఉంది.

"షావుకారు గారూ, ఏది రాసుకోవాలని అడుగుతున్నారు."

అంతసేపూ అరిచిన మనిషి గొంతు తగ్గించారు. మెడ చుట్టూ తువ్వాలు దగ్గరికి లాక్కున్నారు, బయట రోడ్డు మీదివాళ్ళకి వినబడకూడదన్నట్టు.

"వేళ్ళు రాసుకోమనరా. నోటి మాట రాసుకుంటారేటి ఎవరైనా?"

చెప్పాను. రూలు అడిగిన రెండుకి మించి వదిలే దారే ఊరికి చేసే ఉపకారమని గడ్డి టోపీ ముసలాయనకి మొత్తం అర్థమైపోయింది. పడవలు, చేపలు అమ్ముకునేవాడికి బేరం కొత్తా? ఆయన నెమ్మదిగా టోపీ తీసి అటువైపు కెమెరా మీద అడ్డం పెట్టి, దాని కింద నుంచి అయిదు వేళ్ళు చూపించాడు. ఇటు ఈయన మొహం వెలిగిపోయింది. నాలుగు వేళ్ళు అలాగే ఉంచి బొటనవేలు సగం పైకి లేపారు. అటు చిటికెన వేలు సగం వంగింది. నాలుగున్నర. ఒకళ్ళ భాష ఒకళ్ళకి ముక్క రాదు. నేను చెప్పవలసింది ఏమీ మిగల్లేదు.

"ఇల్లు సన్నగా, పొడుగ్గా కట్టుకోవాల్సి వస్తుంది. దరఖాస్తుదారుకి సమ్మతమేనా?" అంది ఆఫీసరమ్మ.

పైడిరాజు పెళ్ళాం మొహం చూశాడు, ఒళ్ళోని పిల్ల మొహం చూశాడు. "యస్ మేడమ్" అన్నాడు. మూడు విచారణల్లో ఆ మాట సరైన చోట పడటం అదే మొదటిసారి. ఆఫీసరమ్మ పదోవంతు తగ్గించి రాసుకుంది, ముప్పై ఇరవై ఏడు అయింది.

తువ్వాలు తీసేసరికి తవిటమ్మ నిలబడి ఉంది. సంగతి చెప్పగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బస్తా మీద కూలబడిపోయింది. భుజాలు కదిలాయి. కాసేపటికి లేచి, మొహం తుడుచుకుని, వీధిలోకి వినబడేలా అందుకుంది.

"నాలుగున్నర ఇచ్చీసినావేటి సావుకారూ! నీ సొత్తు అయితే ఇచ్చీవోడివేటి? ఊరోల బూమంతే అంత సులకనా? నీ ఉప్పు నీ నెత్తి మీదే కరిగిపోను!"

"పోవే, పో! మూడు మీటర్ల సముద్రం లాక్కొచ్చాను, కళ్ళు కనబడ్డం లేదేటి? నీకు బేరం చేసిపెట్టడం నాది బుద్ధి తక్కువ!" అని ఆయన ఇంకా గట్టిగా అరిచారు.

ఇంతలో గోదాంలోంచి ఆవిడ ఉప్పు బస్తా వచ్చింది. ఆటోలోకి ఎక్కించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. బస్తా మూతి దాకా నిండి, కుట్టు పిగిలేలా ఉంది. పన్నెండేళ్ళుగా ఎదురుగా కూర్చుని చూస్తున్నాను గానీ ఆ బస్తాల్లో ఒకదాన్ని పట్టుకుని చూసింది లేదు.

"అమ్మా, ఉప్పు దగ్గర కూడా ఆయన నోరొకటీ వేళ్ళొకటీనా?" అని అడిగాను.

తవిటమ్మ అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది. "ఎవులికీ సెప్పకు బాబూ. నాకొక్కదానికే. మా ఆయన పోయిన ఏడు బట్టి బస్తాకి రెండు కుంచాలు కొసరు ఏస్తన్నాడు. ఇరవై ఏళ్ళు. మిగతావోలకి తెలిస్తే మీద పడిపోరా? అందుకే నాను గట్టిగా తిడతాను."

ఆ మాట నాలో దాచుకుందామనే అనుకున్నాను. కానీ నిద్ర పట్టలేదు. మర్నాడు దుర్గని అడిగాను. దుర్గ కూడా చేపలు ఎండబెట్టే మనిషే. ఆవిడ అటూ ఇటూ చూసి, "నాకొక్కదానికే బాబూ, ఆ తవిటమ్మకి తెలిస్తే బతకనివ్వదు" అంది. తర్వాత రాణిని అడిగాను. రాణి ఒట్టు వేయించుకుని మరీ చెప్పింది, తనొక్కదానికేనట. వారం తిరిగేసరికి పదకొండు మందిని అడిగాను. పదకొండు మందికీ ఒక్కొక్కరికే.

పన్నెండో మనిషి షావుకారు గారే. ఆయన్నే అడిగేశాను. ఆయన కొట్టు బయటికి వచ్చి రోడ్డు ఈ చివరా ఆ చివరా చూశారు.

"నువ్వు జిరాక్సులు తీసుకో. ఉప్పు సంగతి నీకెందుకు?"

"ఇచ్చేదేదో నోటితో చెప్పే ఇవ్వొచ్చు కదండీ. ఊరంతా మిమ్మల్ని తిట్టుకుంటున్నారు."

"నోటితో చెప్పి ఇస్తే పుచ్చుకుంటారేటిరా వాళ్ళు? తవిటమ్మ ఒకరి దగ్గర చెయ్యి చాపే మనిషేటి? నా మీద గెలిచి పట్టుకెళ్ళాలి. తిట్టుకుంటూ పట్టుకెళ్ళాలి. అప్పుడే ఇంటికెళ్ళి నిద్రపోతారు." ఆయన తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నారు. "పీనాసి అన్న పేరు సంపాదించడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. నువ్వు పాడు చెయ్యకు."

మూడు వారాలకి పైడిరాజు పర్మిషను కాయితం పంపించాడు. నేనే ప్రింటు తీశాను. సముద్రం నుంచి దూరం ఇరవై ఏడు మీటర్లు అని ఉంది. స్తంభాలు పన్నెండు. దీపాలు రోడ్డు వైపు. కింద దారి దగ్గర ఆఫీసరమ్మ తన చేత్తో ఒక వాక్యం రాసి సంతకం పెట్టింది. దారి వెడల్పు నాలుగున్నర మీటర్లు, కుటుంబ పెద్దల తరఫున వచ్చినవారు వేళ్ళతో చూపిన ప్రకారం, అని. ఒక దేశపు ప్రభుత్వ రికార్డులో ఆ మాట ఎక్కింది. తవిటమ్మకి చదివి వినిపిస్తే మళ్ళీ చదవమంది, మళ్ళీ చదివాను.

మర్నాడు పొద్దున్న కొట్టు తెరిచేసరికి ఎదురుగా మామూలే. తువ్వాలు దిగింది, లేచింది. రాణి కొంగు దులుపుకుంటూ ఇవతలికి వచ్చింది. ఆవిడ వెనకే దుర్గ. "ఇంత పీనాసోడు ఉంతాడేటి బాబూ లోకంల?" అని రాణి నన్ను సాక్ష్యం అడిగింది. గుమ్మంలో నిలబడి గణపతిరావు గారు నా వైపే చూస్తున్నారు.

"జిల్లా మొత్తంలో లేడమ్మా" అన్నాను. రోడ్డు చివరి దాకా వినబడేలా, కాస్త గట్టిగానే అన్నాను.